నాక్ సెన్సర్ కోడ్ వచ్చిందా? సెన్సర్ కొనకముందే వైరు చూడండి

చెక్ ఇంజిన్ లైట్ వెలిగింది, షెడ్డుకి తీస్కపోతే స్కానర్ పెట్టి "పీ 0325 సార్, నాక్ సెన్సర్ పోయింది, మార్చాలె" అన్నరు, మార్చినంక నాలుగు రోజులు బానే ఉండి మళ్ళీ అదే లైటు. పెట్రోల్ కారు కొన్నేళ్ళు నడిపినోళ్ళకి ఈ కథ కొత్తేం కాదు. ఆ కోడ్ చెప్పేది సెన్సర్ ఒక్కదాని గురించి కాదు. సెన్సరు, దాని కనెక్టరు, అక్కడి నుంచి ఈసీయూ (ఇంజిన్‌ని నడిపించే కంప్యూటర్) దాకా పోయే సన్న వైర్లు, వాటి చుట్టూ బయటి కరెంటు గోల తగలకుండా ఉండే షీల్డు, సెన్సర్ బిగించిన బోల్టు, వీటిల్లో ఎక్కడ తేడా వచ్చినా ఈసీయూ ఆ కోడే పడేస్తది. సెన్సర్ లోపల ఉండేది ఒక పీజో ముక్క, అంటే అదిరితే కరెంటు పుట్టించేది, తిరిగేదో అరిగేదో ఏం లేదు అందులో, ఊకె పోయే వస్తువు కాదది. వైరు మాత్రం ఇంజిన్ వేడికి ఉడుకుతది, వానకి తడుస్తది, పైగా మన సెల్లార్లల్లో ఎలుకలు. అందుకే నేను చెప్పే వరుసలో సెన్సర్ మార్చుడు అన్నిటికన్నా ఆఖర్న వస్తది.

ముందు అది చేసే పనేందో తెలుసుకుంటే మిగతాది ఈజీ. సిలిండర్‌లో పెట్రోల్-గాలి మిశ్రమం స్పార్క్ నుంచి మొదలై ఒక పద్ధతిగా అంటుకోవాలి. వేడి ఎక్కువైనా, లోడ్ ఎక్కువైనా, పెట్రోల్‌లో ఆక్టేన్ (దానంతటదే అంటుకోకుండా తట్టుకునే గుణం) తక్కువైనా, ఇంకా అంటుకోని మిశ్రమం ఓ మూలన దానంతటదే భగ్గుమంటది. అప్పుడు వచ్చే లోహపు చప్పుడే నాకింగ్. అది ఎక్కువైతే పిస్టన్లు దెబ్బతింటయి. ఇంజిన్ బ్లాకుకి బిగించి ఉండే సెన్సరు ఆ అదురుని చిన్న కరెంటు సిగ్నల్‌గా మారుస్తది. మామూలు కార్లల్లో ఆ అదురు సుమారు 5 నుంచి 8 కిలోహెర్ట్జ్ మధ్యలో ఉంటది, సిలిండర్ ఎంత వెడల్పుంటే అంత కిందికి వస్తది. సిగ్నల్ అందంగనే ఈసీయూ స్పార్క్ టైమింగ్‌ని కొన్ని డిగ్రీలు వెనక్కి జరిపి, చప్పుడు ఆగినంక మెల్లగా మళ్ళీ ముందుకు తెస్తది. ఇది మీరు నడుపుతున్నంత సేపూ జరుగుతనే ఉంటది, మీకు తెల్వదు.

సర్క్యూట్ తెగిందనుకోండి, ఈసీయూకి ఏం వినపడదు, నాకింగ్ అవుతుందో లేదో తెల్వదు కాబట్టి ఎందుకైనా మంచిదని టైమింగ్‌ని వెనకనే ఉంచేస్తది. దాంతో పికప్ పోతది, మైలేజ్ పడిపోతది, ఏసీ వేస్కొని నలుగురు కూర్చొని ఫ్లైఓవర్ ఎక్కుతుంటే బండి గుంజనట్టు అనిపిస్తది. బండి ఆగిపోదు, భయపడాల్సిన పని లేదు, రిపేర్ అయ్యేదాకా నాలుగైదు రోజులు మెల్లగా నడుపుకోవచ్చు, యాక్సిలరేటర్ గట్టిగా తొక్కొద్దు, టాప్ గేర్‌లో తక్కువ స్పీడ్‌తో ఎత్తు ఎక్కించొద్దు, అంతే. కాకపోతే లైటు వెలిగి ఉండుడు వేరు, ఆరుతూ వెలుగుతూ ఉండుడు వేరు. బ్లింక్ అవుతుంటే అది మిస్‌ఫైర్, అంటే సిలిండర్‌లో పెట్రోల్ సరిగ్గా అంటుకుంటలేదు, పొగని శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ కాలిపోతది, పక్కకి తీసి ఆపండి.

కోడ్‌ని సరిగ్గా చదవండి

స్టీరింగ్ కింద 16 పిన్నుల ఓబీడీ సాకెట్ ఉంటది. దాంట్లో పెట్టే చిన్న బ్లూటూత్ స్కానర్ ఒకటి కొనుక్కుంటే చాలు, మామూలు కోడ్‌లు, లైవ్ డేటా ఫోన్‌లోనే కనపడతయి. షెడ్డులో చూపించినా పర్లేదు, కానీ నోటి మాట నమ్మకుండా స్క్రీన్‌కి ఫోటో తీస్కోండి, ఎందుకంటే ఆఖరి అంకెలోనే అసలు సంగతి ఉంటది.

0325 అంటే మొదటి నాక్ సెన్సర్ సర్క్యూట్‌లో తేడా. 0326 అంటే సిగ్నల్ వస్తుంది గానీ ఉండాల్సిన తీరులో లేదు. 0327 సిగ్నల్ మరీ తక్కువ, 0328 మరీ ఎక్కువ, 0329 వస్తూ పోతూ ఉంది. వీ6 (వీ ఆకారంలో రెండు వరుసల్లో ఆరు సిలిండర్లు) లాంటి ఇంజిన్లల్లో రెండో సెన్సర్ ఉంటది, దాని కోడ్‌లు 0330 నుంచి మొదలైతయి. 0327, 0328 వస్తే చాలావరకు వైరు తెగుడో షార్టో ఉంటది, కాకపోతే వైరు తెగితే తక్కువ అని చూపిస్తదా ఎక్కువ అని చూపిస్తదా అనేది కంపెనీ కంపెనీకి మారుతది, అందుకే నెట్‌లో ఎవరో వేరే బండి గురించి చెప్పింది పట్టుకొని మీ బండికి తీర్పు చెప్పొద్దు. 0329 వచ్చిందంటే నేనైతే సీదా కనెక్టర్ దగ్గరికే పోతా. 0326 మాత్రం తిరకాసుది, దాంట్లో వైర్ బాగుండి కూడా నిజంగనే ఇంజిన్ నాకింగ్ చేస్తుండొచ్చు, లేదా సెన్సర్ బోల్టు వదులై ఉండొచ్చు, దాని గురించి కింద చెప్తా.

కోడ్ రాసుకున్నంక ఫ్రీజ్ ఫ్రేమ్ కూడా చూడండి, అంటే కోడ్ పడ్డ క్షణంలో ఆర్‌పీఎం ఎంత, ఇంజిన్ టెంపరేచర్ ఎంత, లోడ్ ఎంత అని. తర్వాత కోడ్ క్లియర్ చేసి నడిపి చూడండి. స్టార్ట్ చేయంగనే తిరిగొస్తే ఎక్కడో పూర్తిగా తెగింది లేదా షార్ట్ అయింది, అది దొరకబట్టుడు ఈజీ. ఇంజిన్ వేడెక్కి ఆర్‌పీఎం పెరిగినంకనే వస్తే లూజ్ కనెక్షన్ కావొచ్చు, కానీ ఇక్కడొక సంగతి, చాలా బండ్లల్లో ఈసీయూ ఈ సర్క్యూట్‌ని చల్లటి ఇంజిన్‌లో, ఐడిల్‌లో చెక్ చేయనే చేయదు, వేడెక్కి ఒక ఆర్‌పీఎం దాటినంకనే చూస్తది. కాబట్టి క్లియర్ చేసి ఇంటి ముందు ఐదు నిమిషాలు ఐడిల్‌లో పెట్టి "లైట్ రాలే, అయిపోయింది" అని ఎవరన్నా అంటే నమ్మకండి.

నాక్ సెన్సర్‌తో పాటు ఇంకో రెండు మూడు సెన్సర్ల కోడ్‌లు కూడా ఒకేసారి వచ్చినయా? అయితే సెన్సర్ సంగతి మర్చిపోండి, వైరింగ్ కట్టనో, ఎర్త్ పాయింటో చూడాలె.

వస్తువులు

డిజిటల్ మల్టీమీటర్ ఒకటి, మరీ చీప్‌ది కాకుండా ఏసీ మిల్లీవోల్ట్ రేంజ్ ఉన్నది, కెపాసిటెన్స్ కూడా చూపిస్తే ఇంకా మంచిది, కోఠి గుజరాతీ గల్లీలో తిరిగితే దొరుకుతది. 10, 12, 13 సైజు సాకెట్లు, పొడుగు ఎక్స్‌టెన్షన్, చిన్న టార్క్ రెంచ్, టార్చి, కాంటాక్ట్ క్లీనర్ స్ప్రే, సోల్డరింగ్ ఐరన్, హీట్ ష్రింక్ స్లీవ్. టార్క్ రెంచ్ కొనబుద్ధి కాకపోతే తెలిసినోళ్ళ దగ్గర అడిగి తెచ్చుకోండి గానీ అది లేకుండా మాత్రం సెన్సర్ బిగించొద్దు.

ఇంజిన్ పూర్తిగా చల్లారినంకనే చెయ్యి పెట్టండి. రేడియేటర్ ఫ్యాన్ కొన్ని బండ్లల్లో ఇంజిన్ ఆపినంక కూడా తిరుగుతది, వేళ్ళు జాగ్రత్త. కింది నుంచి చూడాల్సి వస్తే జాకీ ఒక్కదాన్ని నమ్ముకొని బండి కిందికి దూరొద్దు, స్టాండ్లు పెట్టాలె, లేదంటే ర్యాంప్ ఉన్న వాటర్ సర్వీసింగ్ పాయింట్‌లో బతిమాలుకోండి.

సెన్సర్ ఎక్కడుంది

నాలుగు సిలిండర్ల ఇంజిన్‌లో సాధారణంగా బ్లాకు పక్కన, రెండో సిలిండర్‌కీ మూడో సిలిండర్‌కీ నడుమ ఉంటది, చాలా కార్లల్లో ఇంటేక్ మానిఫోల్డ్ ఉన్న వైపు, దాని కింద దాక్కొని ఉంటది. చూడ్డానికి మధ్యలో బొక్క ఉన్న నల్లటి గుండ్రటి ముక్క, ఆ బొక్కలోంచి ఒకే ఒక్క బోల్టు, పక్కకి కనెక్టరు లేదా చిన్న వైర్ తోక. పాత మోడళ్ళల్లో కొన్నిటికి బోల్టు లాగా మర పెట్టి నేరుగా బ్లాకులోకి తిప్పేసే రకం ఉంటది. వీ6 ల్లో రెండు వరుసల సిలిండర్ల మధ్య లోయలో, మానిఫోల్డ్ విప్పితే తప్ప కనపడని చోట పెడతరు, అది మాత్రం ఇంట్లో చేసే పని కాదని ముందే చెప్తున్నా.

కంటికి కనపడకపోతే ఫోన్‌లో వీడియో ఆన్ చేసి, టార్చ్ వేసి, మానిఫోల్డ్ కిందికి పోనిచ్చి తిప్పండి, తర్వాత బయట కూర్చొని నిదానంగా చూస్కోవచ్చు. ఇది అద్దం పెట్టి మెడ వంచి చూసేకన్నా మస్తు నయం.

కంటితో చూసేదే సగం పని

ఇక్కడ తొందర పడకండి. ఈ సిటీలో అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో పార్క్ చేసే బండి అయితే నా మొదటి అనుమానం ఎలుక మీదనే, పందికొక్కు తిరిగే చోటయితే ఇంక చెప్పనక్కర్లేదు. రాత్రి ఇంజిన్ వెచ్చగా ఉంటది, అది చూసి ఎక్కుతయి. బానెట్ లేపంగనే బ్యాటరీ ట్రే పక్కన, ఇంజిన్ కవర్ కింద చూడండి, బియ్యపు గింజల సైజు నల్లటి పెంటికలు, రొట్టె ముక్కలు, పల్లీ పొట్టు, బానెట్ లోపలి దూది చింపి పెట్టిన గూడు, వీటిల్లో ఏదున్నా ఇంక సెన్సర్ కొనే ఆలోచన పక్కన పెట్టి వైరు మొత్తం చూడాల్సిందే.

వైరు చూసుడంటే పైన ఉండే నల్లటి మడతల పైపుని చూసుడు కాదు. ఆ పైపుకి పొడుగునా ఒక చీలిక ఉంటది, అది తరచుగా కింది వైపుకే తిరిగి ఉంటది. మా పక్క ఫ్లాట్‌ ఆయన కారులో పై నుంచి చూస్తే పైపు కొత్తదాని లెక్క ఉంది, చీలిక విప్పి చూస్తే లోపల ఒక జానెడు మేర వైర్ తొక్క గీరేసినట్టుంది, షీల్డు కోసం అల్లిన వెండి రంగు సన్న తీగలు బయటికొచ్చి ముళ్ళలాగా లేచినయి, వాటిల్లో ఒక్క తీగ సిగ్నల్ వైరు రాగి మీద పడి ఉంది, వెంట్రుకంత తీగ. బండి కదిలినప్పుడు తగులుతది, ఆగినప్పుడు వదులుతది. షీల్డు ఎర్త్‌కి కలిపి ఉంటది కాబట్టి తగిలిన ప్రతిసారీ సిగ్నల్ మొత్తం ఎర్త్‌లోకి పోతది, 0327 పడతది. ఆయన అప్పటికే కొత్త సెన్సర్ వేయించి ఉన్నడు. పాతది డిక్కీలో పడేసి ఉంటే మీటర్ పెట్టి చూసినం, దానికేం కాలే.

ఎలుక గుర్తులు లేకపోతే కనెక్టర్ చూడండి. లాక్ తెగి ఉందా, పూర్తిగా కూర్చుందా, లోపల పచ్చటి చిలుము ఉందా, ఆయిల్ చేరిందా. వాల్వ్ కవర్ ప్యాకింగ్ లీకై ఆయిల్ కారి కారి కనెక్టర్‌లోకి దిగుడు పాత బండ్లల్లో మామూలే. వానాకాలంలో నీళ్ళు నిలిచిన రోడ్డులో బండి దింపినంక వచ్చిన కోడ్ అయితే కనెక్టర్ విప్పి, కాంటాక్ట్ క్లీనర్ కొట్టి, పూర్తిగా ఆరనిచ్చి, మళ్ళీ పెట్టి, కోడ్ క్లియర్ చేసి చూడండి, దాంతోనే అయిపోవచ్చు. ప్రెషర్ వాషర్‌తో ఇంజిన్ కడిగించినంక వచ్చిందన్నా ఇదే వైద్యం, అసలు ఇంజిన్‌ని అట్ల కడిగించుడే వద్దంటా నేను.

కనెక్టర్‌ని లాగేటప్పుడు వైరు పట్టుకొని గుంజకండి, ఏళ్ళ తరబడి వేడికి ప్లాస్టిక్ గట్టిపడి ఉంటది, లాక్ పుటుక్కున విరిగిపోతది.

మీటర్ పెట్టుడు

ఇగ్నిషన్ ఆఫ్, సెన్సర్ కనెక్టర్ విప్పండి. సెన్సర్ మీదున్న రెండు పిన్నుల మధ్య ఓమ్స్ చూడండి. ఎక్కువమంది తప్పు తీర్పు చెప్పేది ఇక్కడనే. సెన్సర్లు రెండు జాతులు. కొన్నిటి లోపల పీజోతో పాటు ఒక రెసిస్టర్ కూడా ఉంటది, టయోటా వాళ్ళు చాలా ఇంజిన్లకి వాడే చదును రకానికి 20 డిగ్రీల దగ్గర 120 నుంచి 280 కిలో ఓమ్స్ మధ్యలో రావాలె. బాష్ లాంటోళ్ళ మామూలు రకంలో రెసిస్టర్ ఉండదు, 1 మెగా ఓమ్ పైనే ఉంటది, చాలా మీటర్లు ఓఎల్ అని చూపిస్తయి, అంటే ఓపెన్ అని. అది చూసి "సెన్సర్ లోపల తెగింది" అని పారేస్తరు, కానీ ఆ రకానికి అట్ల చూపించుడే ఆరోగ్యం. మీ బండిలో ఏ రకమో సర్వీస్ మాన్యువల్‌లో చూడాలె, లేదంటే అదే మోడల్ మంచి బండి ఒకటి పక్కన పెట్టి పోల్చుకోవాలె. ఏ రకమైనా సరే, సున్నాకి దగ్గరగా కొన్ని ఓమ్స్ మాత్రమే వస్తే అది లోపల షార్ట్, దానికి మందు లేదు. రెండు పిన్నుల రకంలో ఏ పిన్నుకీ సెన్సర్ లోహపు బాడీకీ మధ్య కనెక్షన్ ఉండొద్దు. ఒకే పిన్ను ఉన్న రకానికి ఇది వర్తించదు, దానికి బాడీయే ఎర్త్.

మీటర్‌లో కెపాసిటెన్స్ ఉంటే ఇంకా తేటగా తెలుస్తది, బాష్ చదును రకం దాదాపు 1 నానోఫారడ్ చుట్టుపక్కల చూపిస్తది. ఓమ్స్‌లో ఓఎల్, కెపాసిటెన్స్‌లో ఇంచుమించు సున్నా, అప్పుడైతే లోపల తెగిందని అనుకోవచ్చు.

తర్వాత తట్టి చూసే టెస్ట్. మీటర్‌ని ఏసీ మిల్లీవోల్ట్‌కి పెట్టి సెన్సర్ రెండు పిన్నులకి కలిపి, సెన్సర్ పక్కన బ్లాకు మీద చిన్న పానాతో టక్ టక్ అని తట్టండి. సెన్సర్ మీద కొట్టొద్దు, అల్యూమినియం మీద బలంగా కొట్టొద్దు, తలుపు తట్టినట్టు కూడా అక్కర్లేదు. తట్టినప్పుడల్లా అంకె ఎగిరి పడాలె. ఎంత ఎగరాలె అని లెక్క పెట్టుకోకండి, మీటర్ ఇంత వేగమైన సిగ్నల్‌ని పూర్తిగా పట్టుకోలేదు, ఎగురుతుందా లేదా అన్నదే చూడండి. ఓసిల్లోస్కోప్ ఉన్న షెడ్డయితే అక్కడ అల బొమ్మ కనపడతది, దాన్ని మించింది లేదు.

సెన్సర్ ఈ మూడిట్లో పాసయితే ఇంక వైరు వంతు. కనెక్టర్ విప్పే ఉంచి, ఇగ్నిషన్ ఆన్ చేసి, ఇంజిన్ స్టార్ట్ చేయకుండా, వైరు వైపు కనెక్టర్‌లో డీసీ వోల్టేజ్ చూడండి. కొన్ని ఈసీయూలు ఇక్కడ 5 వోల్టుల దాకా ఇస్తయి, టయోటాలో 4.5 నుంచి 5.5 మధ్య ఉండాలె, కొన్ని కంపెనీలవి అంతకన్నా తక్కువ ఇస్తయి, కొన్ని అసలు ఇయ్యవు. కాబట్టి సున్నా వచ్చిందని ఈసీయూ పోయిందనుకోకండి, మాన్యువల్ చూడకుండా ఈ ఒక్క టెస్ట్ మీద నిర్ణయం తీస్కోవద్దు. కానీ ఇక్కడ 12 వోల్టులు వచ్చినయంటే మాత్రం ఏదో పవర్ వైరు దీనికి తగులుతుంది, వెంటనే ఇగ్నిషన్ ఆపండి.

ఇప్పుడు బ్యాటరీ నెగెటివ్ తీసేసి, ఈసీయూ కనెక్టర్ విప్పి, రెండు కొసల మధ్య వైరు కొలవండి. ఈసీయూకి కనెక్టర్ ఉండంగా ఓమ్స్ పెట్టొద్దు, రీడింగ్ తప్పొస్తది, లోపల దెబ్బ తగిలినా ఆశ్చర్యం లేదు. ఒక్కో వైరు ఈ కొస నుంచి ఆ కొసకి 1 ఓమ్ లోపే రావాలె. వైరుకీ వైరుకీ మధ్య ఓఎల్, ప్రతి వైరుకీ బాడీకీ మధ్య ఓఎల్, ప్రతి వైరుకీ షీల్డుకీ మధ్య ఓఎల్. ఈ ఆఖరిది చాలామంది మర్చిపోతరు, ఎలుక కేసుల్లో దొరికేదేమో అక్కడనే. మీటర్ పెట్టి ఉంచే ఇంకొకళ్ళతో వైరు పొడుగునా మెల్లగా వంచుతూ, ఊపుతూ రమ్మనండి, ముఖ్యంగా ఇంజిన్ నుంచి బాడీకి వైరు దాటే చోట, క్లిప్పుల దగ్గర. అంకె గంతేసిన చోటే మీ దొంగ ఉన్నడు.

మీటర్ ముళ్ళు కనెక్టర్ పిన్ను బొక్కల్లోకి గుచ్చి తిప్పొద్దు. ఆ లోపలి స్ప్రింగు వెడల్పు అయిందంటే లేని లూజ్ కనెక్షన్ మీరే పుట్టించినట్టు. సన్న గుండుసూదిని వైరు వెనక వైపు నుంచి పోనియ్యండి. వైరు తొక్కని సూదితో పొడిచి చూసుడు కూడా వద్దు, ఆ బొక్కలోంచి వానాకాలంలో నీళ్ళు దిగి ఆర్నెల్లకి లోపల రాగి పచ్చబడతది.

వైరు రిపేరు

తెగిన వైరుని మెలిపెట్టి పైన నల్ల టేప్ చుట్టి పంపించుడు షెడ్డుల్లో రోజూ జరిగే పనే, వేరే వైర్లకి ఎట్లనో నడుస్తది, దీనికి నడవదు. ఇది మిల్లీవోల్టుల్లో నడిచే సిగ్నల్, కొంచెం చిలుమున్నా చాలు. టేప్ బంక ఇంజిన్ వేడికి కరిగి జారిపోతది, మే నెల ఎండలో అయితే చూడనే అక్కర్లేదు. పాడైన భాగం మంచి రాగి కనపడే దాకా కట్ చేసి, అదే మందం వైరు ముక్క వేసి, సోల్డర్ చేసి, హీట్ ష్రింక్ ఎక్కించండి. రెండు వైర్ల అతుకులు పక్కపక్కనే రాకుండా కొంచెం ముందూ వెనకా పెట్టండి. రెండు వైర్లు ఒకదానికొకటి మెలితిప్పి ఉంటే మీరు వేసిన ముక్కని కూడా అట్లనే మెలితిప్పండి. షీల్డుని కూడా కలపాలె, ఊకె కత్తిరించి వదిలేయొద్దు, దాని మీద వేరే స్లీవ్ వేసి సిగ్నల్ వైర్లకి తగలకుండా చూడండి. షీల్డు సాధారణంగా ఈసీయూ వైపు ఒక్క చోటనే ఎర్త్ అయి ఉంటది, ఎందుకైనా మంచిదని సెన్సర్ వైపు కూడా బాడీకి కట్టారనుకోండి, రెండు ఎర్త్‌ల మధ్య కరెంటు తిరిగి కొత్త గోల మొదలైతది.

వైరుని మళ్ళీ దాని పాత దారిలోనే పోనియ్యండి. దగ్గర దారి కదా అని ఇగ్నిషన్ కాయిల్స్ పక్క నుంచో ఆల్టర్నేటర్ మీది నుంచో తీస్కపోతే వాటి గోల అంతా ఈసీయూకి నాకింగ్ లాగానే వినపడతది.

నిజంగనే సెన్సర్ పోతే

పాత దాని మీద ఉన్న పార్ట్ నంబర్, మీ చాసిస్ నంబర్ రెండూ తీస్కొని పోండి. కంపెనీ స్పేర్ పార్ట్స్ కౌంటర్‌లోనో, రాణిగంజ్‌లో తెలిసిన షాపులోనో అడగండి, రాణిగంజ్‌లో అసలుది, నకిలీది పక్కపక్కనే అమ్ముతరు, డబ్బా చూసి మోసపోకండి, "ఇది అన్ని బండ్లకీ పడతది సార్" అన్నరంటే తీస్కోవద్దు, బోల్టు బొక్క సరిపోయినంత మాత్రాన లోపలి సెన్సర్ సరిపోదు.

బిగించేటప్పుడు బ్లాకు మీద సెన్సర్ కూర్చునే జాగా శుభ్రంగా, చదునుగా ఉండాలె. తుప్పు, పెయింట్, పాత గ్రీజు అన్నీ తుడిచేయండి. సెన్సరుకీ బ్లాకుకీ నడుమ వాషర్ వేయొద్దు, సీలెంట్ పూయొద్దు, మధ్యలో ఏదన్నా పెడితే స్వెటర్ మీది నుంచి స్టెతస్కోప్ పెట్టినట్టే. బోల్టు అదే పొడుగుది, అదే రకంది వాడండి. బాష్ చదును రకానికి టార్క్ 20 న్యూటన్ మీటర్లు, అటూ ఇటూ 5, మిగతా కంపెనీలవి కూడా చాలావరకు ఆ దగ్గర్లోనే ఉంటయి, అయినా మీ మాన్యువల్‌లో ఉన్న అంకే ఫైనల్. మర ఉండే పాత రకానికి టార్క్ వేరు. చేతి అంచనాతో "గట్టిగనే ఉంది" అని వదిలేయొద్దు, వదులుంటే వినపడదు, మరీ బిగిస్తే లోపల పీజో మీద ఒత్తిడి మారి సిగ్నల్ తప్పుగా వస్తది, 0326 కి ఇది ఒక మామూలు కారణం. ఇంతకుముందే సెన్సర్ మార్చి ఉన్న బండికి మళ్ళీ కోడ్ వస్తే ముందు ఆ బోల్టుని వదులు చేసి, శుభ్రం చేసి, టార్క్ రెంచ్‌తో బిగించి చూడండి, ఖర్చు లేని పని.

మానిఫోల్డ్ విప్పాల్సి వస్తే కొత్త గ్యాస్కెట్ తప్పనిసరి, విప్పినంక తెరుచుకున్న పోర్టుల్లో శుభ్రమైన గుడ్డ కుక్కండి, ఒక్క నట్టు లోపల పడితే సెన్సర్ ఖర్చు మర్చిపోయి ఇంజిన్ ఖర్చు చూడాలె. పెట్రోల్ లైన్ విప్పే ముందు ప్రెషర్ తీసేయాలె. ఇది రాకపోతే ఈ భాగం మెకానిక్‌కి వదిలేయండి, దాంట్లో చిన్నతనం ఏం లేదు.

కొంతమంది సెన్సర్ తీసేసి కనెక్టర్‌లో రెసిస్టర్ పెట్టి లైటు ఆర్పేస్తరు, ఒప్పుకోకండి. లైటు ఆరుతది, ఈసీయూ చెవిటిదవుతది, అది అంతా బానే ఉందనుకొని టైమింగ్ ముందుకు తోస్తది, నిజంగా నాకింగ్ వచ్చిన రోజు పిస్టన్ మీద పడతది. సెన్సర్‌ని చెయ్యి అందే వేరే బోల్టుకి మార్చి బిగించుడు కూడా ఇట్లాంటిదే.

వైరూ సెన్సరూ బాగున్నా 0326 వస్తుంటే

ఇప్పుడు ఇంజిన్‌ని వినండి. టాప్ గేర్‌లో, తక్కువ ఆర్‌పీఎంతో ఎత్తు ఎక్కేటప్పుడు డబ్బాలో గోళీలు ఊపినట్టు చప్పుడొస్తే అది నిజమైన నాకింగ్, సెన్సర్ దాని పని అది చేస్తుంది. ఇంజిన్ వేడి ఎక్కువవుతుందా, థర్మోస్టాట్, ఫ్యాన్, కూలెంట్ చూడండి, స్పార్క్ ప్లగ్గులు సరైన నంబరేనా చూడండి, సిలిండర్‌లో కార్బన్ పేరుకున్నా ఇంతే. పెట్రోల్ మీద అనుమానం ఉంటే వేరే బంకులో పోయించి ట్యాంకు అయ్యేదాకా చూడండి. ఈ20 (20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్) వచ్చినంక ప్రతి నాకింగ్‌నీ ఇథనాల్ మీదకే నెట్టేస్తున్నరు, మైలేజ్ కొంచెం తగ్గుడు నిజమే గానీ ఇథనాల్ ఆక్టేన్‌ని పెంచుతది, తగ్గించదు, కాబట్టి నాకింగ్‌కి అది కారణం కాదు.

నాకింగ్ లేకున్నా నాకింగ్ లాగా వినపడేవి కూడా ఉంటయి. ఊడిన హీట్ షీల్డు, వదులైన ఆల్టర్నేటర్ బ్రాకెట్, అరిగిన టెన్షనర్ బేరింగ్, బ్లాకు అదిరితే చాలు సెన్సర్‌కి తేడా తెల్వదు.

పనయినంక

బ్యాటరీ పెట్టి, కోడ్ క్లియర్ చేసి, ఇంజిన్ పూర్తిగా వేడెక్కినంక రోడ్డు మీదికి తీస్కపోండి. మెహిదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా పీవీ ఎక్స్‌ప్రెస్‌వే 11 కిలోమీటర్ల పైన ఉంటది, సిగ్నల్స్ లేవు, పొద్దున్నే ఖాళీగా ఉన్నప్పుడు ఇట్లాంటి టెస్టుకి మంచి జాగా. పక్క సీటులో ఒకళ్ళని కూర్చోబెట్టి స్కానర్‌లో టైమింగ్ అడ్వాన్స్ (స్పార్క్ ఎన్ని డిగ్రీలు ముందుందో) చూడమనండి, మీరు మాత్రం రోడ్డే చూడండి. మూడో గేరు, నాలుగో గేరులో లోడ్ పెట్టినప్పుడు అది కదులుతూ ఉండాలె, ముందుకూ వెనక్కీ. ఎంత తొక్కినా వెనకనే ఇరుక్కొని ఉంటే ఈసీయూ ఇంకా సేఫ్ మోడ్‌లోనే ఉన్నట్టు. కొన్ని స్కానర్లల్లో నాకింగ్ వల్ల టైమింగ్ ఎంత వెనక్కి జరిగిందో నాక్ రిటార్డ్ అని విడిగా చూపిస్తది, అదుంటే ఇంకా సుఖం. ఒక్క డ్రైవ్‌తో సంతకం పెట్టేయకుండా రోజువారీ తిరుగుడులో కొన్నిసార్లు చల్లగా స్టార్ట్ చేసి వేడయ్యేదాకా నడపండి, పెండింగ్ కోడ్‌లలో (ఇంకా లైటు వెలిగించని కోడ్‌లు) కూడా ఏం లేదంటే అయినట్టే.

ఇదంతా మీతో కాదు, షెడ్డుకే ఇస్తా అంటే ఇచ్చేటప్పుడు మాట మార్చండి. "సెన్సర్ మార్చు భాయ్" అని కాకుండా "భాయ్, ముందు కనెక్టర్ విప్పి చూడు, ఈసీయూ దాకా వైర్ మీటర్ పెట్టి చూడు, షీల్డ్‌కి తగులుతుందేమో చూడు, సెన్సర్ పోయిందంటే పాతది నా చేతికి ఇయ్యి" అని చెప్పండి. పనికొచ్చే మెకానిక్ దీనికి నొచ్చుకోడు, మీటర్ ఎక్కడుందో వెతుకుతడు. సెన్సరూ వైరూ రెండూ పాసయి కూడా కోడ్ పోకపోతే ఈసీయూ ఎర్త్ బోల్టులు విప్పి శుభ్రం చేయించండి, అప్పుడు కూడా పోకపోతేనే ఈసీయూ రిపేర్ చేసేటోళ్ళ దగ్గరికి పోండి, పోయేటప్పుడు మీరు రాసుకున్న ఓమ్స్, వోల్టులు, ఫ్రీజ్ ఫ్రేమ్ ఫోటో తీస్కపోతే వాళ్ళు మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టి దానికి కూడా మీకు బిల్లు వేయరు.